మాటతో పాటు చెయ్యి కూడా: ఏజెన్సీ భాషను వీడియోలో నమోదు చేసే పద్ధతి

"వాడు ఇంత చేప పట్టాడు." ఈ మాటను ఆడియోలో వింటే చేప ఎంతదో తెలియదు. "అల్లక్కడ చింతచెట్టు దాటి ఇలా తిరగాలి" అంటే ఎటు తిరగాలో తెలియదు. మొదటిదాంట్లో అసలు సంగతి రెండు అరచేతుల మధ్య ఉంది, రెండోదాంట్లో వేలి చివర ఉంది. ఇంత, అంత, ఇలా, అదిగో, ఇదిగో లాంటివి చేతిని తోడు పిలిచే మాటలు. మన కొలతలే చూడండి: బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు, దోసెడు, చిటికెడు. ఇవి చెప్పేటప్పుడు చెయ్యి ఊరికే ఉండదు.

తెలుగుకు చుట్టాలైన కొండ, కువి, కొలామీ, గోండీ లాంటి భాషలను నమోదు చేసేవారికి ఇది మరీ ముఖ్యం. కుయి, కువి భాషల్లో దగ్గర, దూరం చెప్పే మాటలకు తెలుగుకన్నా ఎక్కువ మెట్లున్నాయి. ఏ మెట్టు ఎంత దూరమో కాగితం ముందుపెట్టుకుని అడిగితే తేలదు. మాట్లాడేవారు ఎక్కడ కూర్చున్నారు, ఎటు చూపారు, చూపినది ఎంత దూరాన ఉంది, ఇవన్నీ ఒకేచోట నమోదు కావాలి.

బ్రిటిషు కాలంలో గ్రియర్సన్ నడిపిన భారత భాషల సర్వే మద్రాసు ప్రెసిడెన్సీలోనూ హైదరాబాదు సంస్థానంలోనూ జరగలేదు. మన వైపు భాషలకు గట్టి వర్ణనలు తర్వాతే వచ్చాయి: కొలామీకి 1955లో భాషావేత్త ఎమెనో రాసినది, కొండ భాషకు 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన వ్యాకరణం. అవి చెవి, కలం, కాగితం పనిముట్లుగా సాగిన మహత్తర కృషి. ఇప్పుడు చేతిలో కెమెరా ఉంది కాబట్టి వారు పట్టలేకపోయినదాన్ని కూడా పట్టవచ్చు. అయితే ఫ్రేములో పడని చేతిని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం రికార్డింగుకు ముందు చేయాల్సిన పనుల గురించే.

ఒక తేడా ముందే చెప్పాలి. 1998లో భాషావేత్త హిమ్మెల్‌మన్ భాషా నమోదును, భాషా వర్ణనను రెండు వేర్వేరు పనులుగా చూడాలని వాదించారు. జనం ఎలా మాట్లాడుకుంటున్నారో భద్రపరచడం నమోదు. దాంట్లోంచి ధ్వనులు, పదనిర్మాణం, వాక్యాలు విడదీసి చెప్పడం వర్ణన. వ్యాకరణం రాయడానికి సరిపోయినంత మాత్రమే రికార్డు చేస్తే, ఇరవై ఏళ్ల తర్వాత మరొకరు అడగబోయే ప్రశ్నకు అందులో జవాబు ఉండదు.

మొదట: ఏ భాషో తేల్చుకోండి

తెగ పేరు, భాష పేరు ఒకటి కావు. గదబ అనే పేరు కింద రెండు సంబంధం లేని భాషలున్నాయి: ఒల్లారి గదబ ద్రావిడ భాష, గుతోబ్ గదబ ముండా భాష. వివరాల పట్టికలో ఉత్త "గదబ" అని రాసిన రికార్డింగు తర్వాత ఎవరికీ పనికిరాదు. కొండదొరల్లో ఇంట్లో తెలుగో ఆదివాసీ ఒడియానో మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. కొండదొర అనగానే కొండ భాష వచ్చని అనుకోకూడదు.

అందుకే మూడు ప్రశ్నలు అడగండి. మీలో మీరు ఈ భాషను ఏమంటారు? (కొండ భాషకు కూబి అన్న పేరు కూడా ఉంది.) పక్క ఊరివాళ్లు దీన్ని ఏమంటారు? మీ అమ్మ, మీ నాన్న ఇంట్లో ఏం మాట్లాడేవారు? మూడు జవాబులూ రాసుకుని, వాటి పక్కన అంతర్జాతీయ మూడక్షరాల కోడ్ చేర్చండి: కొండకు కె-ఎఫ్-సి, కువికి కె-ఎక్స్-వి, ఒల్లారికి జి-డి-బి, గుతోబ్‌కు జి-బి-జె. ఊరు, మండలం, జిల్లా కూడా రాయాలి. 2022లో జిల్లాలు మారాయి కాబట్టి పాత విశాఖ జిల్లా, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా రెండూ రాస్తే తర్వాత వెతికేవారికి మేలు.

సమ్మతి

ఆడియోలో పేరు తీసేసి మనిషిని దాచవచ్చు. వీడియోలో దాచలేం. ముఖం మసకబారిస్తే చూపు పోతుంది; సైగల అధ్యయనంలో చూపు సగం. ఈ మాట సంతకానికి ముందే చెప్పాలి.

ముందు ఊరి పెద్దలతోనూ గ్రామసభలోనూ చెప్పండి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడగండి. పెద్దలు ఒప్పుకున్నంత మాత్రాన ఇంట్లో కోడలు ఒప్పుకున్నట్టు కాదు. సమ్మతిని కాగితం మీద వేలిముద్రతో కాక, వారి భాషలోనే వీడియోలో నోటితో తీసుకోవడం మేలు. నాలుగు విషయాలు వేరువేరుగా అడగాలి: రికార్డు చేయవచ్చా, పరిశోధకులు చూడవచ్చా, తరగతిలో, సభలో చూపవచ్చా, ఇంటర్నెట్లో అందరికీ పెట్టవచ్చా. ఒకదానికి అవునని, మరొకదానికి వద్దని అనే వీలుండాలి. మాట, ముఖం, చేతులు అన్నీ చూస్తామని ఉన్నదున్నట్టు చెప్పండి. చేతులు ఊపమని మాత్రం చెప్పకండి. చెబితే నాటకం మొదలవుతుంది.

పోయిన పనిరోజుకు కూలి ఇవ్వాలి, ఆ ఊళ్లో ఆ కాలంలో నడిచే రేటుకు తగ్గకుండా, అదే రోజు. వారపు సంత రోజు, విత్తనాల రోజులు, చైత్రంలో ఇటుకల పండగ రోజులు కూర్చోబెట్టే పనికి పనికిరావు. వారు రమ్మంటే అవే పండగ రోజుల్లో పాటలు, పిలుపులు, వాదనలు నమోదు చేసుకోవచ్చు.

పరికరాలు, వాటి లెక్క

ధ్వని: వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రెండు చానెళ్లకు గంటకు సుమారు 1.04 గిగాబైట్లు. ఎంపీ3లో తీయకండి, శ, ష, స లాంటి ఊష్మాలు, తేలికపాటి శ్వాస ఆ కుదింపులో ముందుగా చెడతాయి. మీటరు పెద్ద మాటల దగ్గర మైనస్ 12 డెసిబెల్ చుట్టూ ఆడాలి. సున్నాకు తగిలిన ధ్వని చిరిగిపోతుంది, దాన్ని బాగుచేయలేం. ఆటోమేటిక్ లెవెల్ ఆపేయండి. అది నిశ్శబ్దంలో ఈగల మోతను పైకెత్తుతుంది, మాట మొదలవగానే అణిచేస్తుంది.

కాలరు మైకును గడ్డానికి జానెడు కింద పెట్టమంటారు. ఏజెన్సీలో ఆడవారి మెడలో పూసల దండలుంటే ఆ చోటే మైకుకు శత్రువు. తల కదిలినప్పుడల్లా పూసలు రాసుకుని పదం మధ్యలో టిక్కుమంటాయి. దండలు తీయమని అడగకూడదు. తలకు పెట్టే చిన్న మైకు వాడండి, లేదా స్టాండు మీద మైకును ఫ్రేముకు కాస్త పైన, నోటికి రెండు జానల దూరంలో వేలాడదీయండి. ఆరుబయట బొచ్చు తొడుగు తప్పనిసరి. రేకుల ఇంట్లో వాన పడితే ఆపేయడమే మందు.

వీడియో: 1920 బై 1080, సెకనుకు 50 ఫ్రేములు. 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. చేతి అసలు కదలిక అర సెకను లోపే ముగిసిపోతుంది కాబట్టి అంచులు తప్పుతాయి. 50 అయితే ఫ్రేము 20 మిల్లీసెకన్లు. షట్టరు వందో వంతు సెకను పెట్టండి: చెయ్యి మసకబారడం తగ్గుతుంది, మన 50 హెర్ట్జ్ కరెంటు కింద ట్యూబులైటు మినుకూ ఉండదు. ఫోకస్ ఒకసారి కుదిరాక లాక్ చేయండి. వదిలేస్తే ముందుకొచ్చిన చేతి మీదకు ఫోకస్ దూకి ముఖం అలుక్కుపోతుంది.

ఫోనుతో తీస్తే ఒక ప్రమాదం ఉంది. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగం మార్చుకుంటాయి. అలాంటి ఫైలును అలాగే వాడితే గంట చివరికి మాటకూ పెదవికీ పొంతన ఉండదు. స్థిర వేగం ఇచ్చే కెమెరా యాప్ వాడండి, లేదా వీడియోలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేరు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో స్థిర వేగానికి మార్చిన తర్వాతే గుర్తులు పెట్టడం మొదలుపెట్టండి. గుర్తులు పెట్టాక మారిస్తే పెట్టిన గుర్తులన్నీ పక్కకు జరిగిపోతాయి.

కూర్చోబెట్టడం, ఫ్రేము కట్టడం

ఫ్రేము వెడల్పు మాట్లాడేవారి బారెడుకన్నా ఎక్కువ ఉండాలి. మనిషి బార దాదాపు ఎత్తంత ఉంటుంది కాబట్టి 2 మీటర్లు పెట్టుకోండి. 50 మిల్లీమీటర్ల లెన్సుకు సమానమైన జూమ్‌లో కెమెరా సుమారు 2.8 మీటర్ల దూరంలో ఉంటే అంత వెడల్పు వస్తుంది. సెంటీమీటరుకు దాదాపు 10 చుక్కలు పడతాయి. చూపుడువేలు స్పష్టంగా కనిపించడానికి అది చాలు. 2 మీటర్ల వెడల్పుకు ఎత్తు 112 సెంటీమీటర్లే. కింద కూర్చున్నవారి ఒడి నుంచి తలపైన జానెడు దాకా వస్తుంది. తాటిచెట్టు ఎత్తు చూపడానికి చెయ్యి పైకెత్తితే వేళ్లు ఫ్రేము దాటుతాయి. రెండో కెమెరాను మరింత వెనక్కి, కాస్త పక్కగా పెట్టేది అందుకే.

కెమెరా ఎత్తు ఛాతీ దగ్గర ఉండాలి. పైనుంచి తీస్తే చేతులు ముందుకు ఎంత వచ్చాయో తెలియదు. చేతుల కుర్చీ వద్దు. మోచేతులు దానికి అతుక్కుపోయి సగం సైగలు చచ్చిపోతాయి. నులకమంచం అంచు, అరుగు, నేల మీద చాప బాగుంటాయి. చేతికి ఏమీ ఇవ్వకండి: టీ గ్లాసు, బొమ్మల పుస్తకం, మైకు తీగ, పసిబిడ్డ. కుడిచేతిలో గ్లాసుంటే ఎడమచేత్తో చూపడం మర్యాద కాదని చాలామంది చూపడమే మానేస్తారు, లేదా గడ్డంతో చూపుతారు. అది సహజంగా వచ్చినదైతే విలువైన సమాచారం. గ్లాసు వల్ల వచ్చినదైతే మీరు చేసిన తప్పు.

ఎవరూ కెమెరాకు కథ చెప్పరు. ఆ భాష బాగా వచ్చిన మనిషిని వినడానికి కూర్చోబెట్టండి, అన్నో వదినో పక్కింటి తాతో అయితే ఇంకా మంచిది. కెమెరా వారిద్దరినీ కలిపే గీతకు 30, 40 డిగ్రీల పక్కగా ఉండాలి. వినేవారు తల ఊపడం, నవ్వడం, "ఊఁ" కొట్టడం కూడా మాటలో భాగమే కాబట్టి వారూ ఫ్రేములో ఉండాలి. తెలుగు మాత్రమే వచ్చిన పరిశోధకులు ఎదురుగా ఉంటే మాట్లాడేవారు మర్యాదకు తెలుగులోకి జారుతారు, జారినట్టు వారికే తెలియదు. మీరు కెమెరా వెనక్కి, వీలైతే గుమ్మం బయటికి వెళ్లండి.

ఇక దిక్కు. చాలామంది ఊరి సంగతి చెప్పేటప్పుడు నిజమైన దిక్కుకే చూపుతారు; గోడ అడ్డమున్నా సంత ఉన్న వైపే వేలు పోతుంది. ఆస్ట్రేలియాలోని గూగు యిమితిర్ జనం గతంలో జరిగిన కథలు చెప్పేటప్పుడు కూడా దిక్కుల ప్రకారం చేతులు తిప్పుతారని పరిశోధకుడు హావిలాండ్ చూపారు. మీ రికార్డింగులో అలా జరిగిందో లేదో చెప్పాలంటే కెమెరా ఏ దిక్కుకు చూస్తోందో తెలియాలి. ప్రతి సెషన్ మొదట్లో దిక్సూచి డిగ్రీలు, జీపీఎస్ స్థానం, కొండ, గెడ్డ, దారి, సంత ఎటున్నాయో చూపే చేతిగీత పటం ఒకటి రాసుకోండి. రెండు నిమిషాల పని. మర్చిపోతే ఆ సెషన్‌లోని దారి సైగలన్నీ అర్థం లేని చేతి ఊపులై మిగులుతాయి.

అన్నీ నడవడం మొదలయ్యాక అన్ని కెమెరాలకూ కనిపించేలా ఒక చప్పట, సెషన్ చివర మరొకటి కొట్టండి. మొదటిది ఫైళ్లను కలుపుతుంది. రెండోది గంటలో అవి ఎంత జారాయో చెబుతుంది.

ఏం మాట్లాడించాలి

ముందు స్వేచ్ఛగా, తర్వాతే ప్రశ్నలు. పదాల జాబితాతో మొదలుపెడితే మనిషి బడిపిల్లవాడిలా బిగుసుకుంటాడు, ఆ బిగువు రోజంతా పోదు. ఇప్ప పువ్వు ఎలా ఏరుతారు, బుట్ట ఎలా అల్లుతారు, ఈ ఊరి నుంచి సంతకు దారి, పోయిన ఏడు వానలకు ఏమైంది: ఇవి చేతులకు పని పెట్టే విషయాలు. బుట్ట అల్లడాన్ని రెండుసార్లు తీయండి, ఒకసారి చేతిలో వెదురుతో, ఒకసారి వెదురు లేకుండా చెప్పమని. రెండోసారి వేళ్లు చూపేదీ మొదటిసారి నిజంగా చేసేదీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మాటల్లేని బొమ్మల కథ చూపించి, పుస్తకం మూసి పక్కన పెట్టాక వినేవారికి చెప్పించడం మరో మంచి పద్ధతి. ఒకే కథను నలుగురితో చెప్పిస్తే పోల్చడానికి వీలు.

పదాలు, వాక్యాలు అడిగే రోజు వేరుగా పెట్టండి. ఒక్కో పదం మూడుసార్లు పలికించండి, ఒక చిన్న వాక్యంలో ఇమిడ్చి. విడిగా పలికితే చివరి అచ్చు సాగుతుంది, గొంతు దిగుతుంది. కొలవడానికి మధ్య పలుకు నమ్మదగినది.

తెలుగు తెలిసినవారు ఇక్కడ పడే గుంటలు మూడు, మూడూ లోతైనవే.

మొదటిది ఱ. ఇప్పటి తెలుగులో ర, ఱ ఒకటైపోయాయి. కొండ భాషలో ఆ తేడా ఇంకా బతికే ఉంది. ఒకటి తేలిక ర, మరొకటి నాలుక కంపించే గట్టి ధ్వని. తెలుగు చెవి రెండింటినీ ర అని విని ర అనే రాసేస్తుంది, మూలద్రావిడం నుంచి వచ్చిన తేడా మన కలం కిందే చచ్చిపోతుంది. సందేహమున్న ప్రతి మాటనూ ధ్వని తరంగాన్ని చూపే సాఫ్ట్‌వేరు ప్రాత్‌లో తెరిచి చూడండి. తేలిక ర ఒక్క తాకిడి. కంపించే ధ్వని తరంగంలో వరసగా చిన్న పల్లాలుగా కనిపిస్తుంది. రాయడానికి మన ఱ అక్షరం యూనికోడ్‌లో సిద్ధంగా ఉంది. కువిలో గొంతు బిగించి ఆపే ధ్వని కూడా ఉంటుంది, దానికి తెలుగు లిపిలో అక్షరం లేదు. ఒక గుర్తు నిర్ణయించుకుని మొదటి రోజు నుంచి అదే వాడండి.

రెండోది "వాళ్లు". తెలుగులో బహువచనంలో మగా ఆడా ఒకటే: వాళ్లు వచ్చారు. కొండ, కువి, గోండీ, కొలామీ భాషల్లో అలా కాదు. మగవారి గుంపుకు ఒక రూపం. ఆడవారి గుంపుకు పశువులకు, వస్తువులకు వాడే రూపమే. "వాళ్లు వచ్చారు" అని తెలుగులో అడిగితే చెప్పేవారి మనసులో మగవారే ఉంటారు, మీ పట్టికలో సగం గడులు మీకు తెలియకుండానే ఖాళీగా మిగులుతాయి. ముగ్గురు ఆడవారి ఫొటో, ముగ్గురు మగవారిది, కలిసిన గుంపుది, మూడు ఆవులది, నాలుగూ చూపించి అడగండి.

మూడోది మొహమాటం. "ఇలా అనొచ్చా?" అంటే "ఆఁ, అంటారు" అని వస్తుంది, మిమ్మల్ని చిన్నబుచ్చకూడదని. "ఇది ఎప్పుడంటారు? ఎవరితో అంటారు? మీ అవ్వ అయితే ఎలా అనేది?" అని అడగండి. సందర్భం చెప్పలేకపోతే ఆ వాక్యం మీరు తయారు చేసినదే. ఇక్కడ కూడా కెమెరా నడుస్తూ ఉండాలి. నోరు అవునంటుండగా తల, కనుబొమ్మలు వేరే సంగతి చెబుతుంటాయి.

ఆ రాత్రే చేయాల్సిన పని

సెకనుకు 28 మెగాబిట్ల వీడియో గంటకు 12.6 గిగాబైట్లు. రెండు కెమెరాలు, ఒక రికార్డరు కలిపి గంటకు సుమారు 26. రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులకు 520. ఒక్కోటి ఒక టెరాబైటున్న డిస్కులు రెండు తీసుకెళ్లండి, వేరువేరు సంచుల్లో. మూడో నకలు మొదటి వీలులోనే వేరే ఊళ్లో ఉన్నవారికి పంపాలి. నకలు తీయగానే సరిపోదు. చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) లెక్కించి మూలంతో సరిపోల్చాకే కార్డు చెరపాలి. కెమెరాలు పొడవైన రికార్డింగును 4 గిగాబైట్ల ముక్కలుగా కోస్తుంటాయి, ఆ ముక్కల క్రమం చూసుకోండి.

ఫైలు పేరు రోమన్ అక్షరాలు, అంకెలు, కింది గీతలతోనే, ఖాళీలు లేకుండా: భాష కోడు, తేదీ, సెషన్, పరికరం. తేదీ 20250114 పద్ధతిలో ఉంటే వరస దానంతటదే వస్తుంది. మాట్లాడినవారి పేరు ఫైలు పేరులో పెట్టకండి. ఎవరు, వయసు, పుట్టిన ఊరు, ఏయే భాషలు వచ్చు, ఏ చేతివాటం, ఎవరెవరు అక్కడ ఉన్నారు, ఏ దిక్కు అన్నవి పట్టికలో నింపడం ఆ రాత్రే జరగాలి. వారం తర్వాత జ్ఞాపకం నమ్మదగినది కాదు.

మాటను రాయడం

రాత పనికి నైమెఖన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ఉచితంగా ఇచ్చే ఎలాన్ అనే సాఫ్ట్‌వేరు వాడండి. వీడియో, ధ్వని తరంగం కింద కాలంతో కట్టిన వరసలు వేసుకోవచ్చు. ఒక్కో మనిషికి ఈ వరసలు: పలికినది, తెలుగు అర్థం, పదాలు, పదభాగాలు, పదభాగాల అర్థం. మొదట ఊపిరి ఆగిన చోట్ల ముక్కలు కోయండి, వ్యాకరణ వాక్యాలుగా కాదు. జనం వ్యాకరణ వాక్యాల్లో మాట్లాడరు. వరసల మూసను ఒకసారి తయారుచేసి అన్ని ఫైళ్లకూ అదే వాడాలి. మధ్యలో వరస పేరు మారిస్తే తర్వాత వెతుకులాటలో సగం ఫైళ్లు దొరకవు.

ఒక నిమిషం మాట రాయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. భాష వచ్చినవారు పక్కన లేకపోతే అంతకు రెట్టింపు. అందుకే ఊళ్లో ఉండగానే ఒక ఉపాయం చేయండి: రికార్డింగును ముక్కముక్కగా వినిపిస్తూ, ఆ భాష మాట్లాడే మరొకరితో ప్రతి ముక్కనూ నెమ్మదిగా తిరిగి పలికించి, తర్వాత తెలుగులో నోటితో అర్థం చెప్పించి, రెండూ రికార్డు చేయండి. అక్షరాలు రానివారు కూడా ఈ పని చక్కగా చేస్తారు. రేపు మీరు లేకపోయినా ఎవరైనా ఆ మాటను రాసుకోగలరు.

పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయకండి. అను ఫాంట్లలో దాచిన పదాల పట్టికలు మరో కంప్యూటరులో పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటాయి. అంతా యూనికోడ్‌లోనే ఉండాలి.

చేతిని రాయడం

మొత్తం రికార్డింగుకు సైగలు గుర్తించాలని పూనుకోకండి. పదేసి నిమిషాల మంచి ముక్కలు ఎంచుకోండి. ఒక్కో నిమిషానికి గంటకు పైగా పడుతుంది.

ముందు సొంత భాషలో సాధన చేసుకోవడం మంచిది. ఎవరైనా "వాడు ఇంత చేప పట్టాడు" అంటుండగా తీసిన వీడియో ఉందనుకోండి. మొదట శబ్దం ఆపేసి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. 12.10 సెకన్ల దగ్గర చేతులు ఒడిలోంచి లేచాయి: సిద్ధమయ్యే దశ. 12.46 దగ్గర అరచేతులు ఎదురెదురుగా తిరిగి, కొలత దగ్గరికి బలంగా వచ్చాయి: అసలు కదలిక, స్ట్రోక్. 12.74కు ఆగి, 13.30 దాకా గాలిలోనే నిలిచాయి: నిలుపు. అక్కడి నుంచి 13.80 దాకా ఒడిలోకి దిగాయి: వెనక్కి తగ్గడం. ఈ దశల విభజన సైగల పరిశోధకుడు ఆడమ్ కెండన్ పని నుంచి వచ్చింది. ఇప్పుడు శబ్దం పెట్టండి. "ఇంత" 12.52 దగ్గర మొదలైంది. అంటే చెయ్యి మాటకన్నా ముందు బయల్దేరింది, స్ట్రోక్ కూడా మూడు ఫ్రేములు ముందు మొదలైంది, "చేప పట్టాడు" అన్నంతసేపూ చెయ్యి కొలతను పట్టుకునే ఉంది. సంబంధించిన మాటకన్నా స్ట్రోక్ కాస్త ముందే మొదలవడం చాలా భాషల్లో కనిపించే సంగతే. శబ్దంతో మొదలుపెట్టి ఉంటే "ఇంత" దగ్గరే గీత గీసేసేవారు. నిశ్శబ్దంగా చూడమనేది అందుకే.

అంచు ఎక్కడ? మసక తగ్గి చెయ్యి ఆకారం మొదట స్పష్టమైన ఫ్రేము దగ్గర. ఎన్ని ఫ్రేములు కదలకుండా ఉంటే నిలుపు అంటారో ముందే నిర్ణయించి నియమాల పుస్తకంలో రాయండి. ఆరు ఫ్రేములు, అంటే 120 మిల్లీసెకన్లు, వాడుకోదగిన హద్దు. కుడి, ఎడమ చేతులకు వేరు వరసలు. తలకు, చూపుకు ఒక్కోటి. తల ఊపుతో మాత్రమే వచ్చిన జవాబులు మన వైపు చాలా ఎక్కువ; ఆ వరస లేకపోతే రాతలో ప్రశ్నకు జవాబే ఉండదు.

దశలు అయ్యాక రకం: ఆకారం చూపేది, భావాన్ని వస్తువులా చూపేది, వేలితో చూపేది, మాట తాళానికి కొట్టేది. ఈ నాలుగు మరో సైగల పరిశోధకుడు డేవిడ్ మెక్‌నీల్ చెప్పినవి. ఒక సైగకు రెండు గుణాలు ఉండవచ్చు కాబట్టి ఒకే డబ్బాలో కుక్కకండి. ఒక్కో గుణానికి అవును, కాదు అని రాసుకోవడం మంచిది. అసలు రూపాన్ని కూడా రాయాలి: ఎన్ని వేళ్లు, అరచెయ్యి ఎటు. చేప పొడుగును రెండు అరచేతుల మధ్య చూపారా, మోచేతి మీద గీత గీసినట్టు చూపారా అన్నది పూర్తిగా వేరే సంగతి. మొదటిదాంట్లో కొలత గాలిలో ఉంది, రెండోదాంట్లో చెయ్యే చేప అయింది. వేలితో చూపినప్పుడు వేలా, అరచెయ్యా, గడ్డమా, పెదవులా, చూపు కూడా అటే వెళ్లిందా అన్నవీ గుర్తించాలి.

తర్వాత రెండో మనిషి ఆ సైగల్లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, మీ గుర్తులు చూడకుండా, తానే గుర్తించాలి. సరిపోలికను, కాకతాళీయంగా కుదిరినదాన్ని మినహాయించే కోహెన్ కప్పా అనే కొలతతో లెక్కించవచ్చు, ఎలాన్‌లోనే ఆ వీలుంది. సైగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్న లెక్కనూ, అది ఏ రకం అన్న లెక్కనూ విడిగా చేయండి. కలిపితే మంచి సంఖ్య వెనక చెడ్డ అంచులు దాక్కుంటాయి. సరిపోలని చోట్ల ఇద్దరూ కూర్చుని చూస్తే, తప్పు మనిషిలో కాక నియమాల పుస్తకంలో ఉన్నట్టు చాలాసార్లు తేలుతుంది. నియమం మార్చి, ఆ రకం సైగలన్నీ మళ్లీ చూడాలి.

పదభాగాల విశ్లేషణకు ఫైళ్లను నిఘంటువు, వ్యాకరణ పనికి వాడే సాఫ్ట్‌వేరు ఫ్లెక్స్‌లోకి పంపి మళ్లీ ఎలాన్‌కు తెచ్చుకునేవారు సైగల వరసలున్న మూల ఫైలును ముట్టకూడదు. మాట వరసలు మాత్రమే వెళ్లి రావాలి. ఫ్లెక్స్‌లో చెయ్యికి చోటు లేదు.

ఎక్కడ దాచాలి, ఎవరికి ఇవ్వాలి

సొంత హార్డ్ డిస్కు ఆర్కైవ్ కాదు, యూట్యూబూ కాదు. ఎలార్ అనే ఆర్కైవ్ లండన్‌లో మొదలై 2021లో బెర్లిన్‌కు మారింది. ఆస్ట్రేలియాలో 2003 నుంచి పారడిసెక్ ఉంది. నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయంలోని కోర్సల్ దక్షిణాసియా భాషల కోసమే పెట్టినది. మన దేశంలో పదివేలకన్నా తక్కువమంది మాట్లాడే భాషల కోసం 2013లో కేంద్రం మొదలుపెట్టిన పథకాన్ని మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ నడుపుతోంది. రికార్డింగు మొదలవక ముందే ఆర్కైవ్‌తో మాట్లాడి, వారి ఫార్మాట్లు, వివరాల పట్టిక అడిగి తెచ్చుకోండి. తర్వాత అంతా మార్చుకునే శ్రమ తప్పుతుంది. నాలుగు మెట్ల సమ్మతి అక్కడ అలాగే అమలు కావాలి, ప్రతి ఫైలుకూ.

ఊరికి ఇవ్వాల్సినది వేరు. పెద్ద ఫైళ్లు వారి ఫోన్లలో తెరుచుకోవు. 480 గీతల ఎంపీ4 చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు వారి భాషలో పేరు పెట్టి, మెమరీ కార్డులో ప్రతి ఇంటికీ ఇవ్వండి. అవ్వ చెప్పిన కథ ఆమె మనవరాలి ఫోనులో ఆడాలి. చూస్తూ ఎవరైనా "నా ముక్క తీసేయండి" అంటే ఎందుకని అడగకుండా తీసేయాలి, ఆర్కైవ్‌కు అదే రోజు ఉత్తరం రాయాలి. ఆ వీలు ఉందని, ఎవరికి ఫోను చేయాలో, వారి భాషలో పలికిన ఒక చిన్న వీడియోగా చేసి అదే కార్డులో మొదటి ఫైలుగా పెట్టండి.